హై బీమ్‌తో పాటు ఫాగ్ ల్యాంపులు వెలగాలంటే: చెయ్యి పెట్టాల్సింది రిలే కాయిల్ దగ్గరే

మారేడుమిల్లి ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో రాత్రిపూట మలుపు తిరుగుతుంటే హై బీమ్ వెలుగు ఎదురుగా ఉన్న చెట్ల కొమ్మల మీద పడుతుంది. చక్రం పక్కన రోడ్డు అంచు, దాన్ని ఆనుకున్న కాలువ చీకట్లోనే ఉంటాయి. ఆ చీకటిని నింపేది ఫాగ్ ల్యాంపు. దాని వెలుగు దూరం పోదు. బంపరు ముందు పది పదిహేను మీటర్ల మేర రెండు పక్కలకీ విసనకర్రలా పరుచుకుంటుంది. కానీ కొన్ని బండ్లలో బ్రైట్ వేసిన మరుక్షణం ఫ్యూజు బాక్సులో టక్కుమని చప్పుడు వచ్చి ఫాగ్ ల్యాంపులు ఆరిపోతాయి. అవసరం ఉన్నచోటే లైటు పోతుందన్నమాట.

ఇది లోపం కాదు, కంపెనీ కావాలని పెట్టిన ఏర్పాటు. దీని వేరు ఎక్కువగా అమెరికా రాష్ట్రాల చట్టాల్లో ఉంది. ఉదాహరణకి కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 24405 ప్రకారం హెడ్‌లైట్లు, ఫాగ్ ల్యాంపులు, అదనపు డ్రైవింగ్ ల్యాంపులు అన్నీ కలిపి ముందువైపు ఒకేసారి నాలుగుకి మించి వెలగకూడదు. ఒక్కో పక్కా రెండేసి హెడ్‌లైట్లు ఉండే బండిలో ఆ జంటని అదే సెక్షన్ ఒక్క ల్యాంపుగానే లెక్కపెడుతుంది. ఇలాంటి పరిమితుల వల్ల అక్కడి మార్కెట్‌కి తయారైన చాలా బండ్లలో హై బీమ్ పడగానే ఫాగ్‌ని కోసేస్తారు. యూరప్ పద్ధతి వేరు. ఐక్యరాజ్యసమితి నియమం 48 ప్రకారం ముందు ఫాగ్ ల్యాంపుల్ని లో బీమ్‌తో, హై బీమ్‌తో సంబంధం లేకుండా విడిగా వేసుకోగలగాలి, ఆర్పుకోగలగాలి. అందుకే ఒకే మోడల్ బండి ఒక దేశంలో ఒకలా, ఇంకో దేశంలో ఇంకోలా ప్రవర్తిస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు ముందు లెక్కపెట్టాల్సింది తమ బండిలో హై బీమ్ మీద ఎన్ని ల్యాంపులు వెలుగుతున్నాయన్నది. హై వేస్తే లో ఆరిపోయే బండి అయితే రెండు హై, రెండు ఫాగ్ కలిపి నాలుగే. కాలిఫోర్నియా లెక్కకి అది సరిపోతుంది. నాలుగు బల్బులూ వెలిగే బండి అయితే జంటని ఒకటిగా లెక్కపెట్టే రూలు మీ రాష్ట్రంలో ఉందో లేదో చూసుకోవాలి. ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో రూలు కాబట్టి మీ రాష్ట్రం వెహికల్ కోడ్ చదివాకే పానా పట్టుకోండి. ఇండియాలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిలో మార్పుల గురించి చెబుతుంది. స్పాట్ లైట్లు, సెర్చి లైట్లు ముందువైపు బిగించడాన్ని కేంద్ర మోటారు వాహన నియమాల్లో 111వ రూలు నిషేధించింది. ఫాగ్ ల్యాంపు పేరు చెప్పి షాపుల్లో అమ్మే గుండ్రటి ఎల్ఈడీ పాడ్లు చాలావరకు స్పాట్ లైట్లే. ఇక్కడ చెప్పేదంతా బండితో వచ్చిన, సరైన కటాఫ్ (వెలుగు పైకి పోకుండా ఆగే పై అంచు గీత) ఉన్న ఫాగ్ ల్యాంపుల గురించి మాత్రమే.

ఈ మార్పు అన్ని బండ్లకీ ఒకేలా పనికిరాదు. బాగా పనికొచ్చేది హెచ్4 బల్బు ఉన్న బండికి. హెచ్4లో ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, లోకి 55 వాట్లు, హైకి 60 వాట్లు. హై వేయగానే లో ఫిలమెంటు ఆరిపోతుంది. దానితో బండి ముందున్న వెలుగు పలచబడి, ఉన్నదంతా దూరానికి పోతుంది. హై, లో రెండూ ఒకే ప్రొజెక్టర్‌లో ఉన్న హెడ్‌లైట్లలో అలా కాదు. లోపల చిన్న షట్టరు పక్కకి తప్పుకుంటుంది, కింది వెలుగు అలాగే ఉండి పైది కలుస్తుంది. అలాంటి బండికి ఈ శ్రమ పెట్టుకున్నా పెద్ద తేడా కనిపించదు.

వేగం సంగతి కూడా చూసుకోవాలి. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. ఫాగ్ ల్యాంపు వెలుగు పరిచేది పదిహేను మీటర్లే. అంటే అందులో ఏదైనా కనపడేసరికి దాని మీదకి వెళ్లిపోయే ఉంటారు. పైగా ముక్కు ముందు రోడ్డు బాగా వెలిగిపోతుంటే కంటిపాప ముడుచుకుని దూరంలో ఉన్న గేదె, లైటు లేని ట్రాక్టరు సరిగా ఆనవు. కాబట్టి హైవే మీద ఫాగ్ ఆర్పేయడమే మేలు. గంటకి ముప్పై నలభై కిలోమీటర్లు దాటని ఘాట్ రోడ్డు, పొలాల మధ్య మట్టిదారి, మలుపులున్న అడవి రోడ్డు, వీటికే ఈ పని. లంబసింగిలో దట్టంగా మంచు కమ్మినప్పుడు హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచు తుంపర్ల మీద పడి తెల్లగోడలా మన కంట్లోకే వస్తుంది. మంచులో లో బీమ్, ఫాగ్ రెండే. ఈ మార్పు చేసినంత మాత్రాన ఆ సంగతి మారదు.

అందువల్ల ఏ పద్ధతిలో చేసినా ఫాగ్ మీద అధికారం మాత్రం స్విచ్‌దే కావాలి. హై వేస్తే ఫాగ్ తప్పనిసరిగా వెలిగేలా నేరుగా కలిపేయకండి. ఇంకో సంగతి, ల్యాంపుకి వెళ్లే లావు వైర్ల జోలికి వీలైనంత వరకు పోవద్దు. 55 వాట్ల బల్బులు రెండు కలిసి పది ఆంపియర్ల దాకా లాగుతాయి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే, తెంపే స్విచ్, దాన్ని లాగే తీగచుట్టే కాయిల్. ఆ కాయిల్ అయితే 85, 90 ఓముల నిరోధకతతో ఒక ఆంపియరులో ఏడో వంతు లాగుతుంది. హై పడితే ఫాగ్ ఆరాలన్న నిర్ణయం పాత బండ్లలో చాలావరకు ఆ కాయిల్ దగ్గరే జరుగుతుంది. మనమూ అక్కడే మార్చాలి.

ముందు మీ బండిలో ఫాగ్‌ని ఏది కోస్తోందో తేల్చుకోండి. ఇంజిన్ ఆపి, లైట్లు వేసి, ఫాగ్ రిలే మీద వేలు ఆనించి ఎవరినైనా హై, లో మార్చమనండి. వేలి కింద టక్కుమంటే కోత రిలే కాయిల్ వైపు జరుగుతోంది. ఫాగ్ ఆరుతున్నా ఏ రిలేలోనూ కదలిక లేకపోతే, లేదా ఫ్యూజు బాక్సులో ఫాగ్‌కి అసలు రిలేయే లేకపోతే లైట్లని నడిపే చిన్న కంప్యూటరు, అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్ (బీసీఎం), లోపలి నుంచే కోస్తోందని అర్థం.

రిలే కాళ్ల మీద అంకెలుంటాయి. 85, 86 కాయిల్. 30కి కరెంటు వస్తుంది, కాయిల్ లాగినప్పుడు 87కి పోతుంది. అయిదు కాళ్ల రిలేలో ఉండే 87ఎ దీనికి తిరగబడి, కాయిల్ లాగనప్పుడే 30తో కలిసి ఉంటుంది.

పాత బండ్లలో కనిపించే ఒక ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. ఫాగ్ రిలే కాయిల్‌కి ఒక కొస ఫాగ్ స్విచ్ నుంచి పాజిటివ్. రెండో కొస బాడీ ఎర్త్‌కి పోదు, హై బీమ్ వైరుకి పోతుంది. హై బీమ్ ఆరి ఉన్నప్పుడు ఆ వైరు హెడ్‌లైట్ ఫిలమెంట్ల గుండా ఎర్త్‌ని చేరుతుంది. చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధకత ఒక ఓములో కొద్ది వంతే, కాయిల్‌ది తొంభై. కాబట్టి పన్నెండు వోల్టులూ కాయిల్ మీదే పడి రిలే లాగుతుంది, ఫాగ్ వెలుగుతుంది. హై బీమ్ వేయగానే అదే వైరు మీదకి పన్నెండు వోల్టులు వస్తాయి. కాయిల్‌కి రెండు కొసల్లోనూ సమానంగా పాజిటివ్ ఉంటే కరెంటు పారేదెక్కడికి? రిలే వదిలేస్తుంది. అదనంగా ఒక్క పార్టు కూడా వాడకుండా కంపెనీ చేసిన పని ఇది. ఈ రకం బండిలో రెండు హై ఫిలమెంట్లూ మాడిపోతే ఫాగ్ కూడా పనిచేయదు. ఎర్త్ దారి పోయింది కదా మరి. ఫాగ్ ల్యాంపు రిపేరుకని వచ్చిన బండిలో అసలు రోగం హెడ్‌లైట్ బల్బుది కావచ్చు.

దీన్ని నిర్ధారించుకోవడానికి ఫాగ్ రిలే పీకేసి, మల్టీమీటరు ఎర్ర ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల ప్రోబు సాకెట్‌లో 85 గాడిలో పెట్టండి. అక్కడ రాకపోతే 86లో చూడండి. కొన్ని కంపెనీలు వాటిని తారుమారుగా వాడతాయి. హై ఆరి ఉంటే 12 వోల్టులు, హై వేస్తే సున్నా చూపిస్తే ఈ రకమే.

మార్పు చిన్నదే. సాకెట్ వెనక ఆ కాయిల్‌కి ఎర్త్‌గా పనిచేస్తున్న హై బీమ్ వైరుని సాకెట్‌కి పది సెంటీమీటర్ల అవతల కోయండి. రిలే వైపు ముక్కకి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు కలిపి, చివర రింగు థింబుల్ (వైరు కొసకి తొడిగే రింగు) క్రింప్ చేసి, అంటే టూల్‌తో గట్టిగా నొక్కి, బాడీ మీద కంపెనీ ఇచ్చిన ఎర్త్ బోల్టుకే బిగించండి. హై బీమ్ వైపు మిగిలిన ముక్క చివర మీద జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, మొన మడిచి, పైన ఇంకో స్లీవ్ వేయండి. ఆ ముక్కని చచ్చిన వైరు అనుకుని వదిలేస్తే ప్రమాదం. హై బీమ్ వేసిన ప్రతిసారీ అందులో పన్నెండు వోల్టులు ఉంటాయి. బాడీకి తగిలిందంటే హై బీమ్ ఫ్యూజు పోతుంది, అదీ ఘాట్‌లో బ్రైట్ వేసిన క్షణాన. ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది: వైరు కోయకుండా దానికే ఎర్త్ వైరు ట్యాప్ చేయడం. అప్పుడు హై బీమ్ లైను నేరుగా ఎర్త్‌కి షార్ట్ అయినట్టే. కోయాలి, తర్వాతే ఎర్త్ చేయాలి.

మార్పు చేశాక కూడా హై మీద ఫాగ్ వెలగకపోతే ఫాగ్ స్విచ్‌కి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. పార్కింగ్ లైట్ల లైను నుంచి వస్తే ఇబ్బంది లేదు. లో బీమ్ లైను నుంచి వస్తుంటే మాత్రం హై వేయగానే స్విచ్‌కే కరెంటు పోతుంది. అప్పుడు స్విచ్ సప్లై వైరుని పార్కింగ్ లైట్ల ఫ్యూజు నుంచి 3 ఆంపియర్ల విడి ఫ్యూజుతో తెచ్చుకోవాలి. డ్యాష్‌బోర్డు ఫ్యూజు బాక్సులో గుచ్చుకునే ఫ్యూజు ట్యాప్ దొరుకుతుంది, అది చాలు. ఇక్కడా కాయిల్ కరెంటే పోతోంది కాబట్టి పార్కింగ్ లైనుకి బరువు కాదు.

కొన్ని బండ్లలో ఫాగ్‌ని కోయడానికే విడిగా అయిదు కాళ్ల రిలే ఒకటి ఉంటుంది. ఫాగ్ లైను దాని 30, 87ఎ గుండా పోతుంది, కాయిల్ హై బీమ్ నుంచి లాగుతుంది. ఇది అన్నిటికన్నా సులువు. ఆ కాయిల్‌కి హై బీమ్ నుంచి వచ్చే వైరుని కప్లర్ నుంచి పిన్నుతో సహా బయటికి లాగి, స్లీవ్ వేసి పక్కన కట్టేయండి. ఒక్క వైరు కూడా కోయనక్కర్లేదు, రేపు బండి అమ్మేటప్పుడు పిన్ను మళ్లీ గుచ్చేస్తే యథాప్రకారం అయిపోతుంది.

బీసీఎం కోసే బండ్లలో మొదటి దారి సాఫ్ట్‌వేర్. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లకి వీసీడీఎస్, ఫోర్డ్‌కి ఫోర్‌స్కాన్, జీప్, క్రైస్లర్ బండ్లకి జేస్కాన్, ఆల్ఫాఓబీడీ వాడతారు. చాలా మోడళ్లలో హై బీమ్ పడితే ఫాగ్ ఆర్పాలా వద్దా అన్నది ఒక సెట్టింగుగానే ఉంటుంది. 2018 తర్వాతి జీప్, క్రైస్లర్ బండ్లలో చాలావాటికి సెక్యూరిటీ గేట్‌వే అడ్డుంటుంది, దాన్ని దాటే బైపాస్ కేబుల్ లేకపోతే టూల్ చదువుతుందే గాని రాయనివ్వదు. రాసే ముందు పాత కోడింగ్ మొత్తం సేవ్ చేసి ఫోన్‌లోనూ ఒక కాపీ ఉంచుకోండి. బ్యాటరీకి చార్జరు తగిలించాకే మొదలుపెట్టండి, రాస్తుండగా వోల్టేజీ పడిపోతే మాడ్యూలు సగం కోడింగ్‌తో ఆగిపోతుంది. వేరే బండి కోడింగ్ తెచ్చి మొత్తంగా ఎక్కించకండి, కావాల్సిన ఒక్క ఆప్షనే మార్చండి.

సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ లేకపోతే చివరి దారి బయట రిలే. దీనికి కావాల్సినవి: 12 వోల్టుల 40 ఆంపియర్ల నాలుగు కాళ్ల రిలే, హోల్డరుతో సహా ఒకటి. నీళ్లు పోని మూతతో బ్లేడు ఫ్యూజు హోల్డరు, అందులో 15 ఆంపియర్ల ఫ్యూజు. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు ఎరుపు మూడు మీటర్లు, నలుపు రెండు మీటర్లు. ట్రిగ్గర్ల కోసం, అంటే రిలే కాయిల్‌కి పోయే వైర్ల కోసం, 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు అయిదు మీటర్లు. కరెంటుని ఒకవైపే పోనిచ్చే 1ఎన్5408 డయోడ్లు మూడు. కరెంటు లెక్కలో 1ఎన్4007 కూడా సరిపోతుంది, కానీ దాని కాళ్లు సన్నం, ఇంజిన్ అదురుకి సోల్డరు పక్కనే విరుగుతాయి. హై మీద ఫాగ్ వెలగాలా వద్దా అన్నది మన చేతిలో ఉండేందుకు డ్యాష్‌బోర్డులో ఒక చిన్న స్విచ్. రింగు థింబుల్స్, జిగురున్న హీట్ ష్రింక్, గాడి పైపు, హార్నెస్‌కి చుట్టే బట్ట టేపు. మంచి క్రింపింగ్ టూల్ తప్పనిసరి. కటింగ్ ప్లేయరుతో నొక్కిన థింబుల్ వానాకాలం దాటదు.

వైరు మందం దగ్గర పిసినారితనం చేయకండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకి 7 మిల్లీ ఓములు. పది ఆంపియర్లు రెండు మీటర్లు పోతే 0.14 వోల్టు పోతుంది. రెడీమేడ్ కిట్లలో వచ్చే సన్నపు అర చదరపు మిల్లీమీటరు వైరులో అదే దూరానికి 0.7 వోల్టు పోతుంది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకన్నా చాలా వేగంగా తగ్గుతుంది. 13.5 బదులు 12.8 వోల్టులు అందితే వెలుగులో సుమారు ఆరో వంతు పోయినట్టే. వైరు వేడెక్కడం అదనం.

కలిపే తీరు ఇదీ. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు, ఆ ఫ్యూజు బ్యాటరీకి 20 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఎక్కడ రాసుకుపోయి షార్ట్ అయినా ఆపేవాడు లేడు. ఫ్యూజు నుంచి రిలే 30కి. 87 నుంచి రెండు ఫాగ్ ల్యాంపులకి. 85 బాడీ ఎర్త్‌కి. 86కి రెండు డయోడ్లు, రెండింటి తెల్ల గీతలూ 86 వైపే ఉండాలి. మొదటి డయోడు అవతలి కొసకి కంపెనీ ఫాగ్ లైను, అంటే ల్యాంపు కప్లర్ నుంచి విడదీసిన పాత వైరు. రెండో డయోడు అవతలి కొసకి హై బీమ్ లైను, మధ్యలో 3 ఆంపియర్ల ఫ్యూజు, డ్యాష్‌బోర్డు స్విచ్. ఇప్పుడు మామూలుగా ఫాగ్ వేస్తే మొదటి దారిన కాయిల్ లాగుతుంది. హై వేస్తే బీసీఎం మొదటి దారి కోసినా, స్విచ్ ఆన్‌లో ఉంటే రెండో దారిన లాగుతుంది.

ఆ రెండు డయోడ్లు ఖర్చు తగ్గించుకోడానికి వదిలేసే వస్తువులు కావు. అవి లేకుండా రెండు వైర్లూ 86 దగ్గర ముడేస్తే ఫాగ్ వేయగానే ఫాగ్ లైనులోని కరెంటు వెనక్కి పోయి హై బీమ్ ఫిలమెంట్లని వెలిగించాలని చూస్తుంది. ఫ్యూజుతో పోతే అదృష్టం, బీసీఎం లోపలి డ్రైవరు పోతే మాడ్యూలే మార్చాలి. మూడో డయోడు కాయిల్‌కి అడ్డంగా, తెల్ల గీత 86 వైపు, రెండో కాలు 85కి. కాయిల్ వదిలేసిన క్షణంలో తిరుగుదెబ్బగా పుట్టే పెద్ద వోల్టేజీని అది అక్కడికక్కడే మింగేస్తుంది. రిలేలోనే డయోడు ఉన్న రకమైతే డబ్బా మీద బొమ్మ గీసి ఉంటుంది. అప్పుడు 85, 86 తారుమారు చేస్తే షార్టే.

డ్యాష్‌బోర్డు స్విచ్ ఆన్‌లో ఉంటే పగటిపూట డిప్పర్ కొట్టినప్పుడు కూడా ఫాగ్ మెరుస్తుంది. హాని లేదు. వద్దనుకుంటే పగలు ఆ స్విచ్ ఆపేసుకోండి.

హై బీమ్ లైను ట్యాప్ చేసేముందు హెచ్4 కప్లర్‌ని తప్పక కొలవాలి. జపాన్ పద్ధతి వైరింగున్న చాలా బండ్లలో హెడ్‌లైట్‌ని ఎర్త్ వైపు నుంచి స్విచ్ చేస్తారు. మూడు కాళ్లలో ఉమ్మడి కాలుకి పాజిటివ్ వస్తుంది, హై, లో కాళ్లని స్విచ్ ఎర్త్‌కి కలుపుతుంది. ఇలాంటి బండిలో హై కాలు నుంచి ట్రిగ్గర్ తీస్తే అంతా తలకిందులవుతుంది. లో మీద ఉన్నప్పుడు ఫిలమెంటు గుండా వచ్చిన పన్నెండు వోల్టులు అక్కడ కనిపిస్తాయి, హై వేస్తే సున్నా అవుతుంది. కప్లర్ పీకి, లైట్లు లోలో పెట్టి, ఉమ్మడి కాలు గాడికీ బాడీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. 12 వోల్టులు వస్తే ఎర్త్ స్విచింగ్. దీనికి మందు ఇంకో చిన్న రిలే. దాని కాయిల్‌ని బల్బు ఉమ్మడి కాలుకీ హై కాలుకీ మధ్య, ఫిలమెంటుకి జోడుగా కలపండి. హై ఫిలమెంటు వెలిగినప్పుడే అది లాగుతుంది. దాని 30కి 3 ఆంపియర్ల ఫ్యూజు గుండా పాజిటివ్ ఇస్తే, 87 నుంచి స్విచ్‌కి, రెండో డయోడుకి కావాల్సిన పాజిటివ్ ట్రిగ్గర్ దొరుకుతుంది.

కొత్త బండ్లలో బీసీఎం ఫాగ్‌కి కరెంటుని తునకలు తునకలుగా, సెకనుకి వంద సార్ల దాకా కొట్టి పంపుతుంది. దాన్ని రిలే కాయిల్‌కి ఇస్తే తేనెటీగలా ఝుమ్మంటుంది, కాంటాక్టులు కొన్నాళ్లకే మాడతాయి. మొదటి డయోడు ముందు 10 ఓముల 2 వాట్ల రెసిస్టరు సిరీస్‌లో, డయోడు తర్వాత 86కీ ఎర్త్‌కీ మధ్య 1000 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటరు పెడితే ఆ తునకలు కలిసిపోయి కాయిల్ నిలకడగా లాగుతుంది. రెసిస్టరు ఎందుకంటే, ఖాళీ కెపాసిటరు మొదటి క్షణంలో షార్ట్‌లాగే కనిపిస్తుంది. దాన్ని చూసి బీసీఎం ఆ లైనుని మూసేస్తుంది.

బల్బు పోతే డ్యాష్‌బోర్డులో హెచ్చరిక ఇచ్చే బండ్లలో ఇంకో చిక్కు. ఫాగ్ లైనులో ఇప్పుడు బల్బు లేదు, రిలే కాయిలే ఉంది. బల్బు మాడిందనుకుని హెచ్చరిక వెలుగుతుంది. 6 ఓముల 50 వాట్ల అల్యూమినియం రెసిస్టరుని ఒక్కో ఫాగ్ లైనుకీ ఎర్త్‌కీ మధ్య పెడితే ఊరుకుంటుంది. అది 27 వాట్ల వేడి కక్కుతుంది. చేత్తో ముట్టుకోలేనంత కాలుతుంది. ప్లాస్టిక్ బంపరుకో హార్నెస్‌కో కట్టకుండా ఇనప రేకుకి స్క్రూతో బిగించాలి.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రిలేని కాళ్లు కిందికి ఉండేలా పెట్టండి, పైకి పెడితే వాన నీళ్లు హోల్డరులో నిలిచి కాళ్లకి పచ్చటి చిలుము పడుతుంది. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకి, బిగించాక పైన గ్రీజు పూయండి. డ్యాష్‌బోర్డు లోపలికి పోయే వైరు రబ్బరు గ్రోమెట్ గుండానే పోవాలి. కొట్టిన రంధ్రం అంచు బ్లేడులాంటిది. రేడియేటరు ఫ్యాను రెక్కలకీ ఎగ్జాస్ట్‌కీ దూరంగా, ప్రతి ఇరవై సెంటీమీటర్లకీ ఒక కేబుల్ టై వేయండి. బంపరు వెనక ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఉంటాయి, పసుపు రంగు కప్లర్లు, పసుపు గొట్టంలో పోయే వైర్లు కనిపిస్తే వాటి దరిదాపుల్లో కోత పెట్టకండి. వైరు మీద కత్తిలా నొక్కుకునే ప్లాస్టిక్ ట్యాప్ క్లిప్పులు ఇంజిన్ గదిలో వాడొద్దు, అవి వైరు పోగులు కొన్ని తెంచుతాయి, మిగతా వాటికి తేమ తగిలించి కుళ్లబెడతాయి.

వంద వాట్ల బల్బులు పెట్టాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. ఫాగ్ ల్యాంపు డబ్బా చిన్నది, లెన్సు చాలా బండ్లలో ప్లాస్టిక్. 55 వాట్లకి తయారైన దాంట్లో వంద పెడితే ముందు హోల్డరు మెత్తబడుతుంది, తర్వాత రిఫ్లెక్టరు మీది మెరుపు పూత పొగచూరుతుంది. హెచ్8 బల్బుది 35 వాట్లు, హెచ్11ది 55, హెచ్16ది 19. వీటి అడుగుభాగాలు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మెడ దగ్గర గాట్లు చెక్కేసి హెచ్8 డబ్బాలో హెచ్11 దూర్చే పని మానండి. హాలోజన్ రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు పెడితే ఫిలమెంటు ఉండాల్సిన చోట వెలుగు ఉండదు, పైన కటాఫ్ గీత చెదిరిపోయి ఎదుటివాడి కళ్లల్లోకి పోతుంది. హై బీమ్ తగ్గించి డిమ్ చేసినా ఆ ఫాగ్ మాత్రం ఎదుటివాణ్ణి గుడ్డివాణ్ణి చేస్తూనే ఉంటుంది.

అన్నీ అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా హై, ఫాగ్ రెండూ వేసి మల్టీమీటరు ఒక ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, ఒకటి ఫాగ్ కప్లర్ పాజిటివ్ మీద పెట్టండి. 0.3 వోల్టు దాటకూడదు. అలాగే బ్యాటరీ నెగెటివ్‌కీ ల్యాంపు ఎర్త్‌కీ మధ్య 0.2 దాటకూడదు. దాటితే ఎక్కడో క్రింప్ వదులుగా ఉంది. పది నిమిషాలు అలాగే వెలగనిచ్చి ఫ్యూజు హోల్డరు, రిలే పట్టుకు చూడండి. రిలే గోరువెచ్చగా ఉండటం మామూలే, ఫ్యూజు హోల్డరు కాలిందంటే లోపలి పిన్ను ఫ్యూజుని గట్టిగా పట్టుకోవడం లేదు. హై, ఫాగ్ కలిసి 230 వాట్లు, అంటే 17 ఆంపియర్లు. ఐడ్లింగ్‌లో ఏసీ కూడా వేసి బ్యాటరీ దగ్గర వోల్టేజీ 13 కన్నా కిందికి పోతుందేమో చూడండి. పోతే ఆల్టర్నేటరు బెల్టు, బ్రష్‌లు చూపించుకోవాలి.

చివరగా ల్యాంపు ఎయిమింగ్. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, సమంగా ఉన్న నేల మీద గోడకి 8 మీటర్ల దూరంలో బండి నిలపండి. ఫాగ్ ల్యాంపు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తో కొలిచి గోడ మీద అదే ఎత్తులో టేపు అంటించండి. వెలుగు పై అంచు గీత ఆ టేపుకి 8 నుంచి 12 సెంటీమీటర్ల కింద పడాలి. ల్యాంపు వెనక సాధారణంగా ఒకే స్క్రూ ఉంటుంది, స్క్రూడ్రైవరుతో పావు తిప్పు చొప్పున తిప్పుతూ సరిచేయండి. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను ఎక్కితే ముక్కు పైకి లేస్తుంది. ఎప్పుడూ నిండుగా పోయే బండి అయితే ఆ బరువుతోనే పెట్టుకోండి. మొదటి వాన తర్వాత ఒకసారి ఎర్త్ బోల్టు, థింబుల్స్ మళ్లీ బిగించి, రిలే హోల్డరు పీకి కాళ్ల మీద చెమ్మ ఉందేమో చూడండి.